గాలి లేని మంగళవారం

"ఆ రోజు గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది మేడం?"

నమస్కారం లేదు, బాగున్నారా లేదు. పరిశోధన కేంద్రం గడప దాటుతూనే అనసూయ వేసిన ప్రశ్న అది. గోడ గడియారంలో పదీ పది. సోమవారం. సాయంత్రం ఐదింటికి సీఐ మహిపాల్ ఈ చావును ప్రమాదం కింద రాసి ఫైలు మూసేస్తాడు. ఆ తరువాత తెప్ప, చెరువు మట్టి నింపిన గొట్టాలు, పాత కాగితాలు అన్నీ ఎదురుగా కూర్చున్న ఈ డైరెక్టరమ్మ చేతికి వెళ్లిపోతాయి. అనసూయకు మిగిలింది ఏడు గంటలు కూడా కాదు.

డాక్టర్ పద్మలత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పడమర నుంచి. మూడూ నలభైకి. ఇదంతా పోలీసులకు చెప్పానండీ."

"నాకు చెప్పలేదు."

"మీరు పోలీసు కాదు కదా."

చురుక్కుమంది. ఎనిమిదేళ్ల కిందటి దాకా అనసూయ ఒంటి మీద ఖాకీయే ఉండేది. తన బ్యాచ్‌మేట్ మహిపాల్ ఒక సాక్షి వాంగ్మూలం మార్చి, ఆ తప్పు ఆమె నెత్తిన రుద్దాడు. రాజీనామా కాగితం అతని మొహాన కొట్టి వచ్చి హన్మకొండలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. తప్పిపోయిన మొగుళ్లు, దొంగ సంతకాలు, ఇన్నాళ్లూ అవే. సొంత ఇంటి చావును వెతకడం ఇదే మొదలు.

చనిపోయిన శాస్త్రవేత్త సదానందం ఆమెకు చిన్నాయన. తండ్రి పోయాక సాకినవాడు. పోలీసు సెలక్షన్లకు ముందు రోజూ తెల్లవారుజామున లేపి, తాను సైకిల్ మీద వెనక వస్తూ ఆమెను పరుగెత్తించినవాడు. చంపినవాణ్ని పట్టుకోవడంతో ఆమెకు తనివి తీరదు. వాడు ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని చూడాలి. ఆ కోరిక మంచిదా చెడ్డదా అని ఆమె తనను తాను ఒక్కసారి కూడా అడగలేదు.

"మొదటి నుంచి చెప్పండి. టైములతో సహా."

"రెండున్నరకు సార్, తెప్ప నడిపే కట్టయ్య పెద్ద తెప్ప మీద చెరువులోకి వెళ్లారు. నేను గట్టు మీద కారులో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. మూడున్నరకు గొట్టం మూతలు మరిచిపోయామని సార్ కట్టయ్యను వెంట కట్టుకున్న చిన్న థర్మకోల్ తెప్ప మీద వెనక్కి పంపారు. మూడూ నలభైకి దుమారం లేచింది. పెద్ద తెప్ప తిరగబడింది. సార్‌కు ఈత రాదు."

"కారు అద్దాలు?"

"దించే ఉన్నాయి. నాకు ఏసీ పడదు."

"అంబులెన్సుకు ఫోన్ చేసింది నాలుగూ ఇరవైకి. మధ్యలో నలభై నిమిషాలు?"

"షాక్‌లో ఉన్నాను."

"నలభై నిమిషాల షాక్." అనసూయ డైరీలో రాసుకుంది. "తెప్పను తిరగేసిన దుమారం, తెరిచి ఉన్న కారులో మీ నోట్సు కాగితం ఒక్కటి కూడా ఎగరేయలేదా?"

పద్మలత కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

చాలు. అబద్ధం ఎక్కడుందో తెలిసింది, ఎందుకో తెలియాలి. అనసూయ లేచి వెనక గదిలోకి నడిచింది.

మడికొండ దాటాక జానమ్మ చెరువు కట్టను ఆనుకుని ఉంది ఈ కేంద్రం. వెనక గది నిండా మట్టే. చెరువు అట్టడుగు నుంచి తీసిన మట్టిని అద్దంలాంటి గొట్టాల్లో వరసలుగా పేర్చి, చల్లగా దాచిపెట్టారు. ఆ మట్టిలో ఏముందో చిన్నాయన వందసార్లు చెప్పాడు. నీళ్లలో కంటికి కనపడని నాచు ఒకటి ఉంటుంది. దాని పెంకు గాజుది, కుళ్లదు. చచ్చి మట్టిలో దిగి, ఏడాదికో పొరగా వందల ఏళ్లు అలాగే ఉండిపోతుంది. అందులో బరువైన రకం గాలి చెరువును అడుగుదాకా కలిపినప్పుడే పైకి తేలి బతుకుతుంది. గాలి పడిపోతే అది మునిగిపోయి, సూదుల్లాంటి తేలిక రకం పెరుగుతుంది. ఏ పొరలో ఏ పెంకులున్నాయో లెక్కపెడితే కాకతీయుల కాలం నుంచి నిన్నటిదాకా ఏ ఏడు గాలి ఎంత వీచిందో, వానలు ఎలా మారాయో చెప్పొచ్చు. "గాలి పోతది బిడ్డా, గాలి సంతకం పోదు," అనేవాడు.

మంగళవారం తీసిన గొట్టం మూలన స్టాండులో నిలబడి ఉంది. మూడు ఫీట్ల నల్ల మట్టి, దాని పైన జానెడు నీళ్లు. అనసూయ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది. మట్టికీ నీటికీ మధ్య వేలెడు మందాన మెత్తటి పొర ఉంది. పాల మీద మీగడలా సమంగా, చెక్కు చెదరకుండా ఉంది. గొట్టాన్ని కాస్త వంచితే చాలు, ఆ పొర నీళ్లలో కలిసిపోతుంది. అందుకే దాన్ని నిటారుగా, రెండు చేతులతో పట్టుకునే మోయాలి.

తెప్ప తిరగబడి ఉంటే ఈ గొట్టం తలకిందులయ్యేది. ఈ పొర మిగిలేది కాదు.

బయటికి వచ్చి తెప్ప చూసింది. నాలుగు నీలం డ్రమ్ములు, పైన చెక్కలు, మధ్యలో గొట్టం దించే చదరపు కంత. తాళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి. మూత లేని చెక్కపెట్టెలో చిన్నాయన నోటుబుక్కు. పేజీలు తిప్పింది. ఒక్క కాగితం కూడా తడిసి ఆరిన జాడ లేదు. చివరి పేజీలో ఆయన చేతిరాత: మూడూ ఇరవై, గొట్టం పైకి తీశాం, గాలి లేదు.

గాలి లేదు. ఆ రెండు ముక్కలను ఆమె వేలితో తడిమింది. కళ్లు మండాయి. ఏడవడానికి టైం లేదని తనను తానే కసురుకుంది.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. పదకొండూ ఇరవై.

"ఏం అనసూయా, బురదను సుత ఇంటరాగేట్ చేస్తానవా?" సీఐ మహిపాల్ నవ్వుతూ దిగాడు.

"బురద నీకంటె నయం. ఇచ్చిన వాంగ్మూలం మార్చది."

మహిపాల్ నవ్వు ఆగిపోయింది. "ఎనిమిదేండ్లయింది. ఇంక మరిచిపోలేదా?"

"సచ్చేదాక మరిచిపోను. అది తర్వాత. తెప్ప తిరగబడలేదు. తాళ్లు చూసినవా? నోటుబుక్కు చూసినవా?"

"తెప్ప మనిషి ఒప్పుకున్నడు. తాడు లూజుగ కట్టిన, గాలికి తెప్ప తిరిగింది, తప్పు నాదే అని సంతకం పెట్టిండు."

"కొట్టి పెట్టించినవా?"

"దెబ్బ ఎయ్యలే. నేను నోరు తెరవకముందే ఒప్పుకున్నడు. వాని పేరే ఉల్టా కట్టయ్య. ఊరంత గట్లనే పిలుస్తది. గసొంటోడు ఏ పని సక్కగ చేస్తడు?"

అనసూయకు ఒళ్లు మండింది. లాకప్‌లో ఆ ముసలాయనను ఆమె శుక్రవారం చూసింది. అరవై దాటిన మనిషి గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం జరిగింది కాకా అని అడిగితే తల వంచుకున్నాడే తప్ప మాట్లాడలేదు. భయపడ్డాడనుకుంది. పేదవాడు దొరికితే వాడి నెత్తిన రుద్దేయడం మహిపాల్‌కు అలవాటే.

"పోస్ట్‌మార్టం రిపోర్టుల కుడిచెయ్యి నాలుగు వేళ్లు కమిలి ఉన్నయని రాసిండ్రు. ఎట్ల కమిలినయి?"

"గాలికి తెప్ప ఊగింది, అంచు తాకింది."

"గాలి లేదు మహిపాల్."

"నీ చిన్నాయన నోటుబుక్కుల రాసుకున్నడనా? అది ఇరవై నిమిషాల ముందు మాట. దుమారం చెప్పి వస్తదా?"

అనసూయ ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. అవతల దీప్తి. హైదరాబాదు ఫోరెన్సిక్ ల్యాబులో సూక్ష్మదర్శిని కింద నాచు లెక్కపెట్టే మనిషి. కుటుంబం తరఫున అనసూయ రెండో పరీక్షకు దరఖాస్తు పెట్టి నాలుగు రోజులైంది.

"చెప్పమ్మా దీప్తీ. సీఐ గారు సుత వింటున్నరు."

"రెండు శాంపిళ్లు మేడం. ఒకటి మీరు శనివారం సాయంత్రం నిజంగా దుమారం వచ్చినప్పుడు ముంచి పంపిన చెరువు నీళ్లు. వందకు అరవై దాకా బరువు రకం ఉంది, గాలికి అడుగు నుంచి లేచింది. రెండోది చనిపోయినాయన ఊపిరితిత్తుల్లో నీళ్లు. నాచు ఆ చెరువుదే, మునిగింది అక్కడే. కానీ అంతా తేలిక రకమే. బరువు రకం వందకు రెండు కూడా లేదు. ఆయన మునిగినప్పుడు నీళ్లు కదలకుండా ఉన్నాయి. దుమారం కాదు కదా, మామూలు గాలి కూడా లేదు. రిపోర్టు మీ ఇద్దరికీ మెయిల్ చేశాను."

అనసూయ ఫోన్ పెట్టేసింది. మహిపాల్ తన ఫోన్‌లో మెయిల్ తెరిచి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. అతని మెడ ఎర్రబడటం అనసూయ తనివితీరా చూసింది.

"గాలే లేకపోతే తాడు లూజుంటె ఏంది, టైటుంటె ఏంది?" అంది. "లేని గాలికి లేని తప్పు ఒప్పించినవు. ఈ రిపోర్టు జడ్జి చేతికి పోతె నీ టోపీ ఉంటదా? కట్టయ్యను ఇప్పుడే, నా ముందట ఇడిపించు."

మహిపాల్ పళ్లు కొరుకుతూ స్టేషనుకు ఫోన్ చేశాడు. "కట్టయ్యను పంపియ్యుండ్రి. ఆ, ఇప్పుడే." పదకొండూ యాభై ఐదు. జీపు ఎక్కుతూ వేలు చూపించాడు. "ఐదింటి దాక టైం. హత్య అంటానవు గద, చేసినోన్ని తెచ్చి నా ముందట నిలబెట్టు. లేకపోతె కారణం తెలవని చావు అని రాసి మూసేస్త. మళ్ల జన్మల తెరవవు."

జీపు పోయింది. ఎనిమిదేళ్ల కసిలో ఒక వంతు తీరినట్టయింది ఆమెకు. మిగతా మూడు వంతులూ లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాయనుకుంది. ఆ గొట్టాన్ని అంత జాగ్రత్తగా నిటారుగా మోసుకొచ్చి స్టాండులో పెట్టాలంటే చదువుకున్న చేతులే కావాలి. మనిషి ప్రాణం తీసి మట్టిని మాత్రం పదిలంగా మోసుకొచ్చిందన్నమాట ఈ మహాతల్లి.

లోపలికి వెళ్లి ఒక కాగితం ముక్కను పద్మలత ముందు పెట్టింది. కాజీపేట రైల్వే స్టేషన్ పార్కింగ్ చీటీ. పొద్దున లోపలికి రాకముందే ఆమె కారు అద్దం కింద కనిపిస్తే ఫోన్‌లో ఫొటో తీసి, వాచ్‌మన్‌ను పిలిచి తీయించింది.

"మంగళవారం. కారు లోపలికి పోయింది రెండూ యాభై ఎనిమిది. బయటికి వచ్చింది నాలుగూ రెండు. మూడూ నలభైకి గట్టు మీద కూర్చుని దుమారం చూసిన కారు ఏది మేడం?"

పద్మలత మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను చంపలేదు."

"ఎవరు చంపారో అడగలేదింకా. ఎక్కడున్నారని అడుగుతున్నాను."

"పుణె నుంచి ఒకాయన రైల్లో వచ్చారు. వాళ్ల సంస్థలో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. సార్ కొత్త లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఆయనకిచ్చాను. దొంగతనమే, ఒప్పుకుంటాను. నేను ఇక్కడికొచ్చేసరికి నాలుగూ పదిహేను. కట్టయ్య తడిబట్టలతో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. దుమారం వచ్చింది, తెప్ప తిరిగింది, సార్ పోయిండు అన్నాడు. నేను లేనన్న సంగతి బయటపడకూడదని ఆ మాటే నేను చూసినట్టు చెప్పాను. అంతేనండీ, ఒట్టు."

అనసూయ చేతిలో పెన్ను ఆగింది.

"దుమారం అన్న మాట మొదట ఎవరి నోట వచ్చింది?"

"కట్టయ్య నోటే."

"గొట్టం లోపలికి ఎవరు తెచ్చారు?"

"అదీ అతనే. నేనొచ్చేసరికి స్టాండులో ఉంది."

"అట్లా నిటారుగా మోయాలని తెప్ప నడిపేవాడికి ఎవరు చెప్పారు?"

"మీ చిన్నాన్నగారే. కట్టయ్య తెప్ప నడిపేవాడు ఇప్పుడు. ఇరవై రెండేళ్ల క్రితం ఇక్కడ ల్యాబ్ అటెండరు. సార్ దగ్గర పని నేర్చుకున్నాడు. మీకు తెలీదా?"

తెలియదు. అప్పుడు అనసూయ నిజామాబాద్‌లో పోస్టింగులో ఉంది. నోరు తెరవకముందే ఒప్పుకున్నడు, అన్నాడు మహిపాల్. అది నిజం చెప్పాడు, తనే నమ్మలేదు. చదువుకున్న చేతులే కావాలనుకుంది. ఎంత పొగరు తనకు!

పద్మలత లేచి కింది అరలోంచి దుమ్ము పట్టిన పాత గొట్టం ఒకటి తీసింది. మూత మీద నీలం రంగుతో రెండు మాటలు: అడుగు 1.

"ఇది చదవండి."

"అడుగు ఒకటి. అంటే ఒకటో గొట్టం అడుగు. ఇది కింది కొస."

"మీరు ఆలోచించను కూడా లేదు, చూశారా? నేను గుంటూరు నుంచి వచ్చినదాన్ని. మా వైపు కొలతకు అడుగనే అంటాం. పన్నెండంగుళాలు. నేను దాన్ని మొదటి అడుగు అని చదివాను. మొదటి అడుగంటే పై నుంచి మొదలవ్వాలి కదా?"

"మా దిక్కు కొలతకు ఫీటు అంటరు," అంది అనసూయ నెమ్మదిగా. "అడుగంటే అట్టడుగే."

"అంతే. ఆ ఒక్క మాటతో ఎనిమిది వందల ఏళ్ల గాలిని తలకిందులుగా చదివాం. పాతకాలంలో గాలులు బలంగా ఉండి, రాను రాను తగ్గాయి. మేం తగ్గినదాన్ని పెరిగిందని రాశాం. సార్‌కు సన్మానాలు, పేపర్లలో ఫొటోలు. రెండేళ్లకు వేరేవాళ్లు ఇంకో చెరువు తవ్వి తప్పని తేల్చారు. విచారణ పెట్టారు. సార్ వరంగల్ మనిషి, మూత చూడగానే తప్పు నాదేనని ఆయనకు తెలిసిపోయింది. కానీ చెప్తే నా పీహెచ్‌డీ పోతుంది, ఆయన పరువూ పోతుంది. అటెండరు గుర్తు ఉల్టా వేశాడని రాసిచ్చారు. కింద నేనూ సంతకం పెట్టాను."

"ఉల్టా కట్టయ్య," అంది అనసూయ.

"ఉద్యోగం తీసేశారు. ఊళ్లో ఆ పేరు పడిపోయింది. ఆయన భార్య చిలుకమ్మ రోజూ గేటు దగ్గరికి వచ్చి, మా ఆయన సరిగ్గనే రాసిండు సారూ అని అరిచేది. మూడేళ్లు వచ్చింది. తరువాత చనిపోయిందన్నారు. చెరువులో చేపలు పట్టుకుంటున్న కట్టయ్యను ఈమధ్యే సార్ మళ్లీ తెప్ప పనికి పిలిచారు."

అనసూయ గడియారం చూసింది. ఒకటిన్నర. కట్టయ్య బయటపడి గంటన్నర దాటింది. కాజీపేట నుంచి ఉత్తరానికీ దక్షిణానికీ ఈపాటికి ఎన్ని రైళ్లు పోయి ఉంటాయో! చిన్నాయనను చంపినవాణ్ని తనే, ఈ చేతులతోనే, బతిమాలి కాదు బెదిరించి మరీ విడిపించింది. కారు తాళాలు తీసుకుని తిరిగింది.

గుమ్మంలో కట్టయ్య నిలబడి ఉన్నాడు.

చెప్పులు బయట విడిచాడు. చేతిలో సన్న రబ్బరు పైపు, చిన్న బకెట్టు. ఇద్దరినీ చూసి ఆశ్చర్యపోలేదు. నేరుగా మూలనున్న గొట్టం దగ్గరికి వెళ్లాడు.

"నీళ్లు తియ్యాలె బిడ్డా. ఆరు దినాలైంది, మంచిగ పేరింది. ఇంక లేటయితె పొర కరాబైతది."

పద్మలత గోడకు అతుక్కుపోయింది. అనసూయ తలుపు మూసి గడియ వేసింది. కట్టయ్య పైపును నీళ్లలోకి వదిలి, రెండో కొసను నోటితో పీల్చి బకెట్టులో పెట్టాడు. నీళ్లు చుక్క చుక్కగా దిగసాగాయి. మట్టి పొర కదలలేదు.

"దుమారం వచ్చిందని చెప్పింది నువ్వే కాకా."

"నేనే."

"రాలేదు."

"రాలే. ఆకు సుత కదలలే ఆనాడు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "ఏం జరిగింది?"

"గొట్టం మీదికి గుంజినం. మస్తు మంచిగ వచ్చింది. సార్ కుషీ అయిండు. 'కట్టయ్యా, ఇన్నేండ్లకు మళ్ల చూసిన, నువ్వు అప్పుడు ఏసిన గుర్తు కరెక్టేరా' అన్నడు. ఇరవై రెండేండ్ల సంది ఆ మాట కోసమే చూస్తాన బిడ్డా. గట్లయితె కాగితం మీద రాయుండ్రి సార్, నలుగురికి తెలవనియ్యుండ్రి అన్న. నవ్విండు. 'ఇప్పుడెవలికి కావాలెరా గది, ఇడిచిపెట్టు' అన్నడు."

నీటి చుక్కలు బకెట్టులో పడుతున్నాయి. కట్టయ్య వాటినే చూస్తూ మాట్లాడుతున్నాడు.

"మూత పెట్టనీకి వంగిండు, కాలు జారి పడ్డడు. చెయ్యియ్యరా అన్నడు. నా రెండు చేతులు గొట్టానికే ఉన్నయి. ఇడిస్తె అది చెరువుల పోతది. పాత గొట్టంతోని పోల్చి, నా గుర్తు కరెక్టని చెప్పేది లోకంల అదొక్కటే."

"తెప్ప అంచు పట్టుకున్నడు. వేళ్లు కమిలినయి," అంది అనసూయ.

"పట్టుకున్నడు. అబద్ధమెందుకు, నేనే కాలు పెట్టి తొక్కిన. ఇడిచిపెట్టుండ్రి సార్ అన్న."

అనసూయ ఒక్క దూకున వెళ్లి అతని చొక్కా పట్టుకుంది. "నిన్ను ఉరి తీయిస్త. నా కండ్లతోని చూస్త."

"తీయించు. గందుకే వచ్చిన. పారిపోవాలంటె పన్నెండింటికే రైలెక్కపోదునా? ఆనాడే నిజం చెప్తె పోలీసోళ్లు గొట్టాన్ని అటిటు ఎత్తేస్తరు, ఆరు దినాలు కదలకుండ నిలబడాలె అని దుమారం మాట చెప్పిన. ఇంక ఫికర్ లేదు. ఎందుకు చంపినవ్ అని జడ్జిసాబు అడుగుతడు గద? అప్పుడు చెప్త. ఈ గొట్టం పెట్టి చెప్త. పేపర్ల వస్తది, సదానందం సార్ అబద్ధం రాసిండు, కట్టయ్య సక్కగ రాసిండు అని. చిలుకమ్మ లేదు, కానీ ఊరు ఉన్నది."

అనసూయ చొక్కా వదిలేసింది. ఉచ్చు ఎలాంటిదో ఆమెకు పూర్తిగా అర్థమైంది. వీణ్ని బోనెక్కిస్తే చిన్నాయన పరువు బజారున పడుతుంది, వీడి పగ పూర్తిగా తీరుతుంది. నోరు మూసుకుంటే ఆయన పేరు చెక్కుచెదరదు, చంపినవాడు చెరువు మీద చేపలు పట్టుకుంటూ బతుకుతాడు.

మూడో దారి ఆమె కళ్ల ముందే స్టాండులో నిలబడి ఉంది.

ఆమె చెయ్యి గొట్టం మీద పడింది. ఒక్క తోపు. మట్టంతా నేల పాలు. ఆ తరువాత వీడు కోర్టులో ఎంత అరిచినా తిక్క ముసలోడి మాటలే. ఉరి ఉరే, చిన్నాయన పేరు చిన్నాయన పేరే.

"వద్దు బిడ్డా." కట్టయ్య మోకాళ్ల మీద పడిపోయాడు. "నన్ను ఇక్కడనే సంపు. దాన్ని ముట్టకు. నీ కాళ్లు మొక్కుత, ముట్టకు." ముసలి మొహం మీద నీళ్లు ధారలు కట్టాయి.

ఆరు రోజులుగా ఆమె కోరుకున్నది ఇదే. చంపినవాడు ఎదురుగా ఏడుస్తున్నాడు. చూసింది. తనివి తీరుతుందేమోనని ఇంకా కాసేపు చూసింది. ఒక్క చుక్క కూడా తీరలేదు. గుర్తొస్తున్నది చిన్నాయన కాదు, మూడేళ్లు గేటు దగ్గర అరిచిన, తానెన్నడూ చూడని ఆడమనిషి. ఆ వెంటనే చిన్నాయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క కాగితం ముక్క రాసి ఉంటే ఈ రోజు బతికి ఉండేవాడు కదా, ఈ ముసలాయన కూడా మనిషిగా మిగిలేవాడు కదా అని గొంతు దాకా వచ్చింది.

చెయ్యి తీసేసింది. ఫోన్ తీసి మహిపాల్ నంబరు నొక్కింది. రెండూ పది.

"ఏంది, దొరికిండా నీ దొంగ?" అన్నాడు మహిపాల్.

"దొరికిండు. హత్యే. చేసింది కట్టయ్య. ఒప్పుకున్నడు."

"ఎవలు? పొద్దుగాల నా మెడ మీద కూసొని నువ్వు ఇడిపించిన కట్టయ్యనా?"

"ఆ. నేను ఇడిపించిన కట్టయ్యనే. రిపోర్టుల గట్లనే రాసుకో. ఎందుకు చంపిండో అది సుత రాయాలె, మా చిన్నాయన చేసింది ఒక్క ముక్క వదలకుండ. నేనే చెప్త, నువ్వు రాసుకో."

మహిపాల్ నవ్వు మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ల తరువాత దొరికిన నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టున్నాడు. అనసూయ ఫోన్ చెవి నుంచి తీయకుండా, నేల మీద కూర్చున్న కట్టయ్యను చూస్తూ, ఆ నవ్వంతా వింది.

"నవ్వుడు అయినంక బయలుదేరు," అంది. "జీపు వద్దు, పెద్ద బండి తే. గొట్టాన్ని నిలబెట్టి తీస్కపోవాలె."